మా చెల్లి రిబ్బన్ పువ్వు

తెనాలిలో నా దుకాణానికి వచ్చే ఆడపిల్లలు ఫోన్ తెరిచి ఒక ఫోటో చూపిస్తారు. వెండి మీద బంగారు పూత పూసిన రిబ్బన్ ముడి. రెండు రెక్కలు, కిందికి జారిన రెండు కొసలు, ఒక కొసన చిన్న ఎర్ర రాయి. "అక్కా, ఇలాంటిది మీ దగ్గరుందా?" అని అడుగుతారు. లేదంటాను. "చేయించి ఇస్తారా?" అంటారు. చేయించనంటాను. వాళ్లు నన్ను వింతగా చూసి వెళ్లిపోతారు. ఆ నగ మొదట గీసింది నేనేనని చెప్పడం ఎప్పుడో మానేశాను. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ల ముఖంలో ఒక రకమైన జాలి కనిపించేది. ఊళ్లో ప్రతి రెండో మనిషీ ఎవరో గొప్పవాళ్లకు చుట్టమని చెప్పుకుంటాడే, అలాంటివాణ్ణి చూసినప్పటి జాలి.

ఈ రిబ్బన్ ముడిని ఇప్పుడందరూ ఇంగ్లీషులో "బో" అంటారు. మా ఇంట్లో పువ్వు అనేవాళ్లం. మాది రేపల్లె. అమ్మ పక్క ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. పొద్దున్నే బస్సు అందుకోవాలి కాబట్టి ఆమె చేతుల్లో ఎప్పుడూ తొందరే. నన్నూ చెల్లినీ గుమ్మంలో ఒకరి వెనక ఒకరిని కూర్చోబెట్టి, నూనె రాసి, రెండేసి జడలల్లి, చెవుల మీదికి మడిచి, ఎర్ర రిబ్బన్‌తో కట్టేది. నాకు ఎలా కట్టినా ఒకటే. చెల్లి నాకంటే అయిదేళ్లు చిన్నది, దానికి మాత్రం పువ్వే కావాలి. రెండు రెక్కలూ సమానంగా లేకపోతే అద్దం ముందు నుంచి తిరిగొచ్చి, విప్పి మళ్లీ కట్టమనేది. రాత్రి పడుకోబోయే ముందు రిబ్బన్‌ను నీళ్లతో తడిపి, సాగదీసి, ముడతలు పోవాలని దిండు కింద పెట్టుకునేది. ఆదివారం గుడిలో పాటలు పాడేటప్పుడు తల గట్టిగా ఊపేది. పాట మీద భక్తితో కాదు, రిబ్బన్ రెక్కలు చెవులకు తగిలి చప్పుడు కావాలని. పాస్టరు గారి భార్య నవ్వాపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకునేది.

చెల్లి ఆరో తరగతిలో ఉండగా పోయింది. నేనప్పుడు బాపట్లలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. క్లాసు జరుగుతుండగా నాన్న వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. చెల్లికి ఒంట్లో బాగాలేదని, ఇంటికి వెళ్దామని మాత్రం చెప్పాడు. చెరుకుపల్లిలో బస్సు ఆగినప్పుడు దిగి నాకు సోడా కొనిచ్చాడు. తను తాగలేదు. నేను తాగుతుంటే నా వైపు చూడకుండా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. మా వీధి మలుపు తిరిగాక, ఇంటి ముందు కుర్చీలు చూసి నాకు అర్థమైంది. జ్వరం మెదడుకెక్కిందట. తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట. పెట్టెలో పడుకున్న చెల్లికి ఎవరో జుట్టు విరబోసి తెల్లపూలు పెట్టారు. రిబ్బన్ లేకుండా బయటి మనుషుల మధ్య దాన్ని నేనెప్పుడూ చూడలేదు. అమ్మ గోడకు తిరిగి కూర్చుంది.

తర్వాత అమ్మ ఒక్కొక్క నగా తీసేసింది. గాజులు, గొలుసు, చెవులవి. అడిగినవాళ్లకు మా గుడి సంఘంలో కొందరు ఆడవాళ్లు వేసుకోరు కదా, నేనూ మానేశానని చెప్పేది. చెల్లి ఫోటో గోడ మీంచి దించేసింది. ఆ ఏడు వానాకాలంలో నేనొకసారి అడిగాను. "అమ్మా, దానికి జ్వరం ఎప్పుడు మొదలైంది? పొద్దున్న ఎలా ఉంది?" అమ్మ జవాబు చెప్పకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం నాన్న నన్ను పక్కకు పిలిచి, "అమ్మ దగ్గర ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు తల్లీ" అన్నాడు. ఎత్తలేదు. నాన్న పోయేదాకా ఎత్తలేదు, పోయిన తర్వాతా ఎత్తలేదు. చెల్లి చివరి రోజు నాకు ఒక ఖాళీగానే మిగిలిపోయింది.

డిగ్రీ కూడా బాపట్లలోనే చదివాను. హాస్టల్ గదిలో నాతో ఉన్న అమ్మాయిది వేటపాలెం, బట్టల వ్యాపారం చేసే కుటుంబం. ఆమెకు కొత్త అన్నది లేదు. బస్సు కండక్టర్‌ను కూతురి పెళ్లి ఎంతవరకు వచ్చిందని అడిగేది. వంటావిడ మోకాలి నొప్పికి ఏ నూనె రాస్తోందో ఆమెకు తెలుసు. నాలుగు మాటలు మాట్లాడితే ఎవరైనా తమ కడుపులో ఉన్నది ఆమె ముందు పెట్టేసేవారు. నేను కూడా పెట్టాను. ఒక ఆదివారం సూర్యలంక సముద్రం ఒడ్డున కూర్చుని చెల్లి గురించి చెప్పాను. రిబ్బన్ తడిపి దిండు కింద పెట్టుకోవడం, గుడిలో తల ఊపడం, అన్నీ. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదు. నా బదులు ఇంకొకరు ఏడుస్తున్నారని హాయిగా అనిపించింది. ఇప్పుడు ఆ హాయి తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

డిగ్రీ తర్వాత నేను హైదరాబాదులో నగల డిజైన్ నేర్చుకున్నాను. అక్కడి లైబ్రరీలో పాత ఐరోపా చిత్రాల పుస్తకం ఒకటి ఉండేది. అందులో రాణులు, దొరసానులు గుండెల మీద రిబ్బన్ ముడులతో కూర్చుని ఉంటారు. మొదట్లో ఆ రిబ్బన్‌కు సొంత విలువేమీ లేదట. విలువైన రాయినో ముత్యాన్నో మెడకూ బట్టకూ కట్టుకోవడానికి వాడిన గుడ్డపీలిక అంతే. తర్వాత తర్వాత ఆ ముడి మీదే మోజు పుట్టి, దాన్నే బంగారంలో చేయించుకున్నారు, వజ్రాలు పొదిగించుకున్నారు. మెడ కింద పెద్ద ముడి, దాని కింద కొంచెం చిన్నది, ఇంకా చిన్నది, అలా నడుము దాకా వరసగా పెట్టుకున్నారు. ఇంట్లో ఎవరైనా పోతే నల్ల రిబ్బన్ కట్టుకున్నారు. వందేళ్లకోసారి ఆ మోజు పోయి మళ్లీ వస్తూనే ఉందని మా మేడమ్ చెప్పింది. తోటివాళ్లు ఆ బొమ్మల్లో వజ్రాలు చూశారు. నేను రెక్కలు సమానంగా ఉన్నాయా లేదా అని చూశాను.

పెళ్లయి తెనాలి వచ్చాను. ఆ వేటపాలెం స్నేహితురాలిని కూడా తెనాలి కుటుంబానికే ఇచ్చారు. "నువ్వు గియ్యి, నేను అమ్ముతా. నీకు మాట రాదు, నాకు గీత రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం" అంది. నిజమే అనిపించింది. మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా, మెట్లెక్కి వెళ్లే చిన్న గది తీసుకున్నాం. వెండి నగలు, బంగారు పూత నగలు. కొన్నాళ్లు అందరూ చేసేవే చేశాం, మామిడి పిందెలు, నెమళ్లు, జుంకాలు. అవి గీస్తుంటే నాకు చేయి కదిలేది కాదు.

ఒక రోజు రిబ్బన్ గీశాను. గీయడం తేలికే, చేయించడం కష్టం. రేకును మడిస్తే సీతాకోకచిలుకలా వచ్చింది. రెండోసారి హోటల్ వెయిటర్ మెడలో టై లాగా వచ్చింది. చివరికి నేనే బజారుకెళ్లి ఎర్ర రిబ్బన్ కొని, అమ్మ కట్టినట్టు పువ్వు కట్టి, గంజిలో ముంచి ఆరబెట్టి, బిర్రబిగిసిన ఆ ముడిని పనివాడి ముందు పెట్టాను. ముడి దగ్గర ముడతలు, కొస జారే తీరు, ఒక రెక్క కాస్త లోపలికి వంగడం, ఉన్నదున్నట్టు వెండిలోకి దింపాం. మొదటిది తయారైన రోజు దాన్ని దోసిట్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఇంట్లో ఫోటో లేని పిల్లకు ఒక గుర్తు దొరికిందనుకున్నాను.

దాన్ని అమ్మకు చూపించడానికి రేపల్లె వెళ్లాను. స్నేహితురాలు కూడా వచ్చింది. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ముందు చూసింది, తిప్పి వెనక చూసింది. "వెనక కూడా ముడి పెట్టావే" అంది. అంతే. దాన్ని బీరువాలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ముందు గదిలోనే కూర్చుండిపోయాను. నాకు ఆ మౌనం అలవాటు. నా స్నేహితురాలికి అలవాటు లేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి చూస్తే ఇద్దరూ నేల మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఆమె ఏదో అడుగుతోంది, అమ్మ తల వంచుకుని చెబుతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

ఆ తర్వాత స్నేహితురాలు ఎటు వెళ్లినా వీలు చేసుకుని రేపల్లెలో దిగేది. పండ్లు తీసుకెళ్లేది, అమ్మ కళ్లద్దాలు మార్పించింది. నాకు సంతోషంగానే ఉండేది. ఇంట్లో అమ్మతో మాట్లాడే మనిషి ఒకరు దొరికారనుకున్నాను.

ఇంతలో ప్రపంచంలో రిబ్బన్లకు మళ్లీ రోజులొచ్చాయి. సినిమావాళ్లు జుట్టుకు కట్టుకున్నారు, జాకెట్ల వీపులకు కట్టుకున్నారు, చెప్పుల మీదికీ చెవుల్లోకీ వచ్చేశాయి. మేము ఆ నగ చేసి అప్పటికి చాలా రోజులైంది. ఒక్కసారిగా ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు మొదలయ్యాయి. ఒక యూట్యూబ్ చానెల్ వాళ్లు వస్తామన్నారు. నాకు కెమెరా అంటే వణుకు. "నువ్వు ఊరెళ్లి రా, నేను చూసుకుంటా" అంది స్నేహితురాలు. నేను అమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆ వీడియో వారం తిరిగాక వచ్చింది. నేనప్పుడు రేపల్లె ప్యాసింజర్‌లో ఉన్నాను, మళ్లీ అమ్మ దగ్గరికే వెళ్తున్నాను. రైలు పెట్టెలో జనం పెద్దగా లేరు. ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాను. యాంకర్ అడుగుతోంది, "ఈ రిబ్బన్ ఆలోచన మీకెలా వచ్చిందండి?" నా స్నేహితురాలు కాసేపు తల వంచుకుని, కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. "నాకొక చెల్లి ఉండేదండి."

ఆమెకు చెల్లి లేదు. ఇద్దరన్నలు. నేను ఫోన్ ఆపేసి మళ్లీ పెట్టాను. దిండు కింద రిబ్బన్ చెప్పింది. గుడి బదులు బడిలో ప్రార్థన అంది, తల ఊపడం మాత్రం అలాగే చెప్పింది. అంతవరకు నేను సూర్యలంకలో చెప్పినవే. తర్వాత చెప్పింది నాకు తెలియదు. "ఆ రోజు పొద్దున చెల్లికి ఒళ్లు కాలిపోతోందండి. బడికి వద్దన్నా జడ వెయ్యమని ఏడ్చింది. అమ్మకు బస్సు టైమైపోతోంది. గబగబా జడలల్లి మామూలు ముడి వేసేసింది. పువ్వు కట్టమ్మా అంది చెల్లి. సాయంత్రం వచ్చి కడతాలే అంది అమ్మ. సాయంత్రానికి..." అని ఆగింది. యాంకర్ కూడా ఏడుస్తోంది. కింద వందలమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

రైలు వేమూరు దాటింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను గాని ఏమీ కనిపించలేదు. నా చెల్లి చివరి పొద్దు ఎలా గడిచిందో నాకు తెలిసింది. ఇన్నేళ్ల తర్వాత, ఒక దొంగ నోటి నుంచి, అందరితో పాటు.

ఇల్లు చేరేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా ఫోన్, అదే వీడియో ఆగి ఉంది.

"చూశావా?" అన్నాను.

"పొద్దున్నించీ చూస్తానే ఉన్నా. ఆ పిల్ల బాగా చెప్పింది" అంది అమ్మ.

"అమ్మా, అది మన పాప. దాని చెల్లి కాదు."

"నాకు తెలీదంటావా?"

"మరి కోపం రావట్లేదా నీకు? ఆ పొద్దున సంగతి దానికి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

"అది అడిగింది. నువ్వెప్పుడడిగావ్?"

"అడిగాను. ఒక్కసారి అడిగితే రోజంతా అన్నం తినలేదు నువ్వు. ఇంకెప్పుడూ అడగొద్దని నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. నీకు గుర్తు లేదా?"

అమ్మకు నిజంగానే గుర్తు లేదనుకుంటాను. మెల్లగా అంది, "నీకు చెప్పలేనే. నువ్వు దాని అక్కవి. చెబుతుంటే నా మొహం చూస్తావు. పువ్వు కట్టకుండా పోయిన అమ్మలాగా చూస్తావు. ఆ పిల్ల పరాయిది, ఊరికే వింటది. ఇప్పుడు చూడు, అందరూ విన్నారు. ఒక్కళ్లు కూడా నన్ను తిట్టలేదు."

అమ్మను క్షమించింది ఫోన్ లోని జనం. నేను క్షమించగలనో లేదో తేల్చుకునే అవకాశం కూడా ఆమె నాకివ్వలేదు. ఆ రాత్రి అక్కడ ఉండలేక సాయంత్రం బండికే తిరిగొచ్చేశాను.

మర్నాడు దుకాణం తెరవగానే స్నేహితురాలిని అడిగాను. ఆమె తడబడలేదు.

"నీ పేరు పెట్టి చెప్పుంటే ఒప్పుకునేదానివా? కెమెరా అంటేనే పారిపోతావు. మీ అమ్మ పేరు బయటికి రాకూడదనే నాదని చెప్పాను. మీ మంచికే చేశానే."

"చెప్పకుండా ఉండొచ్చుగా."

"చెప్పకపోతే అది ఉత్త రేకు. నువ్వు గీసింది బాగుంది, కాదన్ను. కానీ జనం ఏడ్చింది కథకి. ఆ కథ నువ్వు లోపల పెట్టుకుని కూర్చున్నావ్, మీ అమ్మ లోపల పెట్టుకుని కూర్చుంది. ఎవరికి పనికొచ్చింది?"

"అది పనికొచ్చేది కాదు. మా చెల్లి."

"ఆంటీకి లేని బాధ నీకేంటే?" అంది. నా నోట మాట రాలేదు. అమ్మ మాటలు చెవుల్లో ఉన్నాయి కాబట్టి రాలేదు. మాట రానిది నాకేనని ఆమె మొదటే చెప్పింది కదా.

విడిపోయాం. దుకాణం పేరు ఆమె పెట్టిందే, ఆమెతోనే వెళ్లింది. ఆ నగ కూడా వెళ్లింది, వీడియోలో ఆమె చేతిలో ఉంది కాబట్టి. ఇప్పుడు ఆమెకు విజయవాడలో అద్దాల తలుపుల షోరూం ఉంది. నగ పెట్టెతో పాటు చిన్న కార్డు ఇస్తారు, దాని మీద "మా చెల్లి కోసం" అని ఉంటుంది. అది కొని కళ్లు తుడుచుకునేవాళ్లను నేను తప్పు పట్టను. వాళ్లు ఏడ్చేది నా చెల్లి కోసమే, వాళ్లకు తెలియదంతే.

నేను ఒక్కసారి నోరు విప్పి చూశాను. బాపట్లలో ఒక ఎగ్జిబిషన్‌లో బల్ల పెట్టి, కొత్తగా గీసిన రిబ్బన్ నగలు పరిచాను. ఈసారి కొసలు పొడుగ్గా, ముడి వదులుగా. కాలేజీ అమ్మాయి ఒకతె చేతిలోకి తీసుకుని చూసి, పక్కనున్న అమ్మాయితో గుసగుసలాడి, నా వైపు తిరిగింది. "ఇది విజయవాడ మేడమ్ గారి డిజైనండి. ఆవిడ చనిపోయిన చెల్లెలి గుర్తుగా చేశారు. అలాంటిది కాపీ చెయ్యడం తప్పండి" అంది. మర్యాదగానే అంది. ఆ పిల్ల కళ్లల్లో నిజమైన కోపం ఉంది. నా చెల్లి తరఫున నా మీద కోపం. "అవునమ్మా, తప్పే" అని నగలు పెట్టెలో సర్దేశాను. అప్పటి నుంచి రిబ్బన్ గీయలేదు. క్రాసు లాకెట్లు, పట్టీలు, చంటిపిల్లల చేతి మురుగులు చేయిస్తున్నాను. విరిగినవి అతికిస్తాను, నల్లబడినవి మెరుగు పెట్టిస్తాను.

అమ్మ మాత్రం ఆ స్నేహితురాలితో మాటలు మానలేదు. ఆదివారం గుడి నుంచి రాగానే ఫోన్ చేసుకుంటారు. గోడ మీదికి చెల్లి ఫోటో తిరిగొచ్చింది. దాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చింది ఆమే. ఆ ఫోటో చూసి నేను సంతోషించాలో, దించేయాలో తెలియక వెళ్లినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చుంటాను.

మొన్న ఈస్టర్ నాడు తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లాం. గాలి బాగా వీస్తోంది, కొవ్వొత్తులు నిలవడం లేదు. నేను చేతులు అడ్డం పెట్టి వెలిగిస్తుంటే కారు ఆగిన చప్పుడైంది. ఆమె విజయవాడ నుంచి వచ్చింది, చేతిలో లిల్లీ పూలు. అమ్మ జరిగి పక్కన చోటిచ్చింది. ఆమె కూర్చుని అమ్మ భుజం చుట్టూ చేయి వేసింది. అమ్మ ఏడ్చింది. చెల్లి సమాధి దగ్గర అమ్మ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. ఆమె భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది. నేను అగ్గిపెట్టె పట్టుకుని ఇవతల నిలబడ్డాను.

పాటలు అయ్యాక అందరం ఇంటికొచ్చాం. "పాపం పొద్దున్నే లేచి అంత దూరం నుంచి వచ్చింది. కాఫీ పెట్టవే" అంది అమ్మ.

వంటింట్లోకి వెళ్లి పాలు పెట్టాను. ముందు గదిలోంచి ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. అమ్మ ఏదో చెబుతోంది. పాప పుట్టినప్పటి సంగతేమో, నేనెప్పుడూ విననిది. ఆమె "ఊ, తర్వాత?" అంటోంది. పాలు పొంగే చప్పుడులో ఆ తర్వాతది నాకు వినిపించలేదు. మూడు గ్లాసులు కడిగి కాఫీ కలిపాను. ఆమెకు పంచదార ఎక్కువ కావాలని నాకింకా గుర్తుంది. అడగకుండానే వేసి, తీసుకెళ్లి చేతికిచ్చాను.